బావకి జర్మన్ రాదు, పిన్నికి అరబీ వచ్చు: పరాయి దేశం వెళ్తే అక్కడి భాష నేర్చుకోవాల్సిందేనా?

కోటిపల్లి రేవు

సంక్రాంతికి మా ఇంట్లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మా బావ మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్, వెళ్లి ఏడేళ్లు. మా పిన్ని కువైట్‌లో ఒకళ్లింట్లో వంటపని, పధ్నాలుగేళ్లు. ఈసారి ఇద్దరూ ఒకేసారి ఊళ్లో దిగారు. కనుమ రోజు గారెలూ కోడికూరా తిని అరుగు మీద కూర్చున్నాక బావ మొదలుపెట్టాడు. జర్మన్ పౌరసత్వం కావాలంటే బీ1 అనే భాష పరీక్ష (ఏ1తో మొదలయ్యే మెట్లలో మూడోది) పాసవ్వాలిట. "ఆఫీసులో అంతా ఇంగ్లిషే, పన్ను నెలనెలా జీతంలోంచే కోసుకుంటున్నారు, ఏడేళ్లలో ఒక్కడికి బాకీ లేను, ఇప్పుడు మళ్లీ బడిపిల్లాడిలా పరీక్ష ఏంటి" అని ఒకటే విసుగు.

ఆయన అలా అంటుండగానే పిన్నికి వీడియో కాల్. పనిచేసే ఇంటి మామ (ఇంటావిడని అక్కడ మామ అంటారు, మన మామ కాదు) ఏదో డబ్బా ఎక్కడ పెట్టావని అడుగుతోంది. పిన్ని పది నిమిషాలు అరబీలో దంచేసింది, మధ్యలో ఆవిడని కసిరింది కూడా. బావ నోరు వెళ్లబెట్టి "ఎవరు నేర్పారండీ అత్తయ్యగారూ" అంటే, "నేర్పడమేంటి అల్లుడుగారూ, నోరు తెరవకపోతే అన్నం ఎవరు పెడతారు" అంది. పిన్ని చదివింది ఏడో తరగతి. బావది ఎంటెక్.

ఇంతకీ నా ప్రశ్న. వలస వెళ్లినవాడు అక్కడి భాష నేర్చుకోవాలా? "నేర్చుకో, లేకపోతే కాగితాలివ్వం" అనే హక్కు ఆ దేశానికి ఉందా? మొహమాటం లేకుండా రాయండి, బావ కూడా చదువుతాడు.

ఆత్రేయపురం పూతరేకు

ఇందులో చర్చించడానికి ఏముందండీ. ఒకళ్లింటికి వెళ్లి ఏడేళ్లు కూర్చుని, ఆ ఇంట్లోవాళ్ల మాట ఒక్క ముక్క రాదంటే దాన్ని ఏమంటారు? రాజమండ్రి మెయిన్ రోడ్డులో మేం తరాలుగా బట్టలు కొనే షాపుంది, వాళ్ల తాతలు రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని "ఆయ్, ఆ రంగు అమ్మాయిగారికి బావుంటాదండీ, తీసుకోండి" అంటాడు. అంత గోదారి యాస మా అబ్బాయికే రాదు. ఆయన్ని ఎవరైనా పరీక్ష రాయమన్నారా? అమ్ముకోవాలి కాబట్టి వచ్చేసింది. మీ బావగారికి రాలేదంటే అవసరం పడలేదనైనా అనుకోవాలి, లేకపోతే ఇంగ్లిష్ వచ్చు కదా అన్న పొగరైనా అనుకోవాలి. నాకు రెండోదే అనిపిస్తోంది, ఏమనుకోకండి.

మ్యూనిక్‌లో మండపేట

పొగరు అన్న మాట నాకే తగిలింది, ఎందుకంటే నేనూ అదే బాపతు, అదే ఊరు. కొంచెం మా గోడు కూడా వినండి.

మాకు జర్మన్ ఎప్పుడు కావాలో, ఎంత కావాలో లెక్కగా ఉంటుంది. బ్లూకార్డు (చదువుకున్న ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద వచ్చినవాడికి ఏ1, అంటే పేరూ ఊరూ చెప్పుకుని బ్రెడ్డు కొనుక్కునేంత వస్తే 27 నెలలకి శాశ్వత నివాసం. బీ1 ఉంటే 21 నెలలకే. తేడా ఆరు నెలలు. ఆ ఆరు నెలల కోసం ఎవడు కష్టపడతాడు చెప్పండి, నేను 27 నెలల బ్యాచ్. పౌరసత్వానికి మాత్రం బీ1 తప్పదు. 2024లో చట్టం మార్చి ఎనిమిదేళ్లని అయిదేళ్లు చేశారు కానీ భాష దగ్గర తగ్గలేదు. దాంతోపాటు 33 ప్రశ్నల పరీక్ష, 17 రైటయితే చాలు. ఆ ప్రశ్నలు 300, అక్కడ మనముండే జర్మన్ రాష్ట్రానివి ఇంకో పది, అన్నీ ముందే బయట పెడతారు. గ్రూప్ టూ గైడు బట్టీ పట్టిన బుర్రలకి అదేం లెక్క కాదు. అసలు భయం నోరు తెరవడమే.

నిజం చెప్తున్నాను, నేను ప్రయత్నించాను. సాయంత్రం క్లాసులకి రెండు చలికాలాలు వెళ్లాను. బేకరీలో జర్మన్‌లో మొదలుపెడతాను, రెండో వాక్యానికి ఆ పిల్ల ఇంగ్లిష్‌లోకి దిగిపోతుంది. జాలితో చేస్తుందో తొందరలో చేస్తుందో తెలియదు. మీ షాపాయన్తో మీరు హిందీలో మాట్లాడి ఉంటే ఆయనకి తెలుగు వచ్చేదా? రాజమండ్రిలో ఆయన భాష మాట్లాడేవాళ్లు లేకపోవడమే ఆయన అదృష్టం. మాకు ఆ అదృష్టం లేదు, టీములో పదకొండు మందిమి ఉంటే నలుగురు తెలుగువాళ్లం.

రాజోలు చెల్లెమ్మ

నేను ఎప్పుడూ చదవడమే కానీ రాయను. ఇది చూశాక ఊరుకోలేకపోయాను. తప్పులుంటే సర్దుకోండి.

నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు చేసి వచ్చేశాను. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్ఫై దాటాలని మన గవర్నమెంటు రూలు కదా, నేను ముప్ఫై రెండులో వెళ్లాను. విమానం దిగేసరికి నాకొచ్చిన అరబీ ముక్కలు రెండు, యల్లా (పద) అనీ మాఫీ (లేదు) అనీ, అవి కూడా మా తోడికోడలు ఫోన్లో చెప్పినవి. మొదటి మధ్యాహ్నం మామ వంటింట్లోకొచ్చి "ఐష్, ఐష్" అంది. ఎండగా ఉంది, చల్లగా ఏదో అడుగుతోందనుకుని ఫ్రిజ్ తీసి ఐసుముక్కలు గిన్నెలో వేసి పట్టుకెళ్లాను. ఆవిడ నన్నూ గిన్నెనీ మార్చి మార్చి చూసింది. ఐష్ అంటే అక్కడ అన్నం. నేను అన్నం వండి రెడీగా పెట్టుకున్నాను కూడా, మూత తీసి చూపిస్తే అయిపోయేది. ఆ రోజు తిట్లు తిన్నాను, ఏం తిట్టిందో తెలియదు కాబట్టి పెద్దగా బాధ కూడా వెయ్యలేదు. తర్వాత తెలిశాక బాధేసింది.

ఆర్నెల్లలో మాట వచ్చేసింది. నేర్పింది ఆ ఇంటి ఆఖరి పిల్ల, నాలుగేళ్లది. నాకు మాయ్ అంటే నీళ్లు, హలీబ్ అంటే పాలు, దియాయ్ అంటే కోడి, అన్నీ అదే వేలు పెట్టి చూపించేది. దాంతో నా అరబీ అంతా చిన్నపిల్లల అరబీ అయింది. ఇంటికొచ్చిన చుట్టాలు నేను మాట్లాడితే నవ్వేవాళ్లు, ముప్ఫై రెండేళ్ల ఆడది పాపాయిలా మాట్లాడుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది మరి.

కానీ నేను చెప్పదల్చుకున్నది వేరే. మాట రావడం ఒకటి, చదవడం ఒకటి. మా ఏజెంటు నెలకి 120 దినార్లు అని చెప్పి పంపాడు. అక్కడ చేతిలో పడేది 75. అడిగితే "కాగితం చూసుకో, నువ్వే సంతకం పెట్టావు" అన్నారు. కాగితం నా దగ్గరే ఉంది, పెట్టె అడుగున, చీరల కింద. తీసి ఎన్నిసార్లు చూసినా గీతలే. వాళ్ల అంకెలు మనం రాసేవి కావండి. ఆ పిల్ల బడికెళ్లడం మొదలుపెట్టాక అంకెల పుస్తకం తెచ్చుకుంది, దాని పక్కన కూర్చుని నేనూ దిద్దాను. గుడిసె కప్పులా ఉంటే ఎనిమిది. అదే తిరగబడితే ఏడు. మన సున్నలా గుండ్రంగా ఉండేది సున్న కాదు, అయిదు. సున్నకి చుక్క పెడతారు. ఆ రాత్రి పెట్టె తీసి కాగితం చూస్తే తిరగబడ్డ గుడిసె, పక్కన గుండ్రం. డెబ్భై అయిదు. మూడేళ్లుగా నా దగ్గరే ఉందది.

నాకు ఏ దేశమూ పరీక్ష పెట్టలేదు. పెట్టి ఉంటే, కనీసం అంకెలైనా నేర్పి పంపి ఉంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టేదాన్ని కాదు.

కోటిపల్లి రేవు

చెల్లెమ్మా, ఇది పిన్నికి చదివి వినిపించాను. ఐసు దగ్గర పడీపడీ నవ్వింది. గుండ్రం అయిదు దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆపేసి లేచి లోపలికెళ్లిపోయింది. తనకి అంకెలు వచ్చో రావో నేనెప్పుడూ అడగలేదు.

ధవళేశ్వరం గట్టు

రాజోలు చెల్లెమ్మగారికి దండం. ఇప్పటిదాకా ఇదే అసలు పాయింటు. భాష రాకపోతే నష్టపోయేది వలస వెళ్లినవాడే. కాబట్టి నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ "నేర్చుకోవాలి" వేరు, "నేర్చుకోకపోతే పొమ్మంటాం" వేరు. మొదటిది సలహా, రెండోది గేటు.

గల్ఫ్ చూడండి, భాష అడగరు. ఎందుకంటే నువ్వు ఎప్పటికీ వాళ్లవాడివి కావు, అకామా (అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్) అయిపోగానే పెట్టె సర్దుకోవాలి. జర్మనీ అడుగుతుంది, ఎందుకంటే పాస్‌పోర్టు ఇస్తుంది. అడిగేవాడికి నేర్పే బాధ్యత కూడా ఉండాలన్నది నా వాదన. ఆస్ట్రేలియా వలసవాళ్లకి ఇంగ్లిష్ నేర్పే స్కీము 1948లోనే పెట్టింది. చాలాకాలం మనిషికి 510 గంటలు ఉచితం అని లెక్క ఉండేది, ఈమధ్య ఆ గంటల పరిమితి కూడా ఎత్తేశారు. జర్మనీలో కూడా ఇంటిగ్రేషన్ కోర్సు ఉంది, భాషకి 600 గంటలు, చట్టాలూ చరిత్రకి ఇంకో వంద. ఇలా నేర్పి, తర్వాత అడిగితే న్యాయం. నేర్పకుండా అడిగితే అది జనాన్ని బయట ఆపడానికి పెట్టిన వంకే.

ఇంకోటి, ఇది మగవాళ్ల చర్చ అయిపోతోంది, బావగారి ఆఫీసూ బావగారి పాస్‌పోర్టూ అంటూ. ఆయనతో వెళ్లిన ఆవిడ సంగతేంటి?

యానాం ఫెరీ రోడ్డు

గోదారి జిల్లాల్లో కూర్చుని విదేశీ పౌరసత్వం గురించి మాట్లాడుకుంటూ యానాం పేరెత్తకపోతే ఎలాగండీ. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, ఎదురుగా గౌతమి, చుట్టూ ఆంధ్రా, అయినా ఫ్రెంచివాళ్లది. 1954 నవంబరులో చేతులు మారింది, కాగితాల మీద ఖాయమైంది 1962 ఆగస్టులో. అప్పుడు ఇక్కడ పుట్టినవాళ్లకి ఆరు నెలల గడువిచ్చారు. ఫ్రెంచి పౌరులుగా ఉంటామని రాసిస్తే ఉండొచ్చు, లేకపోతే భారతీయులు. నీకు ఫ్రెంచి ఎంత వచ్చు అని ఎవరూ అడగలేదు. మా తాతగారి సావాసగాడు ఒకాయన అలా రాసిచ్చారు. ఆయనకి వచ్చిన ఫ్రెంచి అంతా బోంజూరూ, మెర్సీ, ఇంకో నాలుగు బూతులు. చచ్చేదాకా ఫ్రెంచి పౌరుడే.

అదే ఫ్రాన్సులో ఇప్పుడు రూలేంటో తెలుసా? 2024లో చేసిన చట్టం ప్రకారం ఈ 2026 జనవరి నుంచి పౌరసత్వానికి బీ2 కావాలి. ఇదివరకు బీ1 ఉండేది. పదేళ్ల నివాస కార్డుకే ఇప్పుడు బీ1. అంటే తాతగారి సావాసగాడికి నాలుగు బూతులతో వచ్చినదానికి, అక్కడ పుస్తకాల షాపులో పనిచేసే మా మేనల్లుడు పేపర్లో వ్యాసాలు చదివి వాదించేంత నేర్చుకోవాలి. దేశానికి మనుషులు కావాల్సినప్పుడు భాష అడగరు, చాలనుకున్నప్పుడు అడుగుతారు. నాకు అర్థమైంది ఇంతే.

పాలకొల్లు పంతులు

నేను రిటైరై ఎనిమిదేళ్లయింది, ఖాళీగా ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

మన వలస గల్ఫ్‌తో మొదలవలేదు. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి బోటెక్కే కోరంగి ఉంది చూశారా, అక్కడి నుంచి ఓడలెక్కి రంగం వెళ్లేవాళ్లు. రంగం అంటే రంగూన్. బర్మావాళ్లు తెలుగువాళ్లనే కాదు, చాలాసార్లు భారతీయులందర్నీ కోరంగీలు అనేవాళ్లు, అది మర్యాద మాట కాదు. రేవులో బరువులు మోసింది ఎక్కువగా మనవాళ్లే. 1930 మే నెలలో జీతాల కోసం మనవాళ్లు సమ్మె చేస్తే బర్మా కూలీల్ని దింపారు. సమ్మె తీరి మనవాళ్లు మళ్లీ పనిలోకి రాగానే వాళ్లని పొమ్మన్నారు. అక్కడ మొదలైంది రక్తపాతం. తర్వాత 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అడవుల్లో కాలినడకన వచ్చినవాళ్లు, 1962లో సైన్యం అధికారంలోకొచ్చాక దుకాణాలూ ఆస్తులూ పోగొట్టుకుని వచ్చినవాళ్లు. విశాఖలో బర్మా క్యాంపు అని పేరు ఊరికే పడలేదు.

నేను చిన్నప్పుడు మా వీధిలో ఒక ముసలావిడ ఉండేది, అలా వచ్చినావిడే. కోపమొస్తే బర్మీస్‌లో తిట్టేది. పుట్టింది అక్కడే, చదివింది అక్కడే, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. భాష వస్తే మనవాడనుకుంటారని అంటున్నారు కదా, ఆవిడకి వచ్చిందిగా మరి. ఎందుకు ఉండనివ్వలేదు?

మారిషస్ సంగతి దీనికి తలకిందులు. అక్కడికీ కోరంగి వైపు నుంచి వెళ్లారు, పందొమ్మిదో శతాబ్దం నాటి మాట. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, తెలుగు బళ్లో నేర్చుకోవాల్సిన భాష. ఉగాదికి మాత్రం ఆ దేశమంతటికీ సెలవు.

ఆత్రేయపురం పూతరేకు

పంతులుగారూ, మీరు చెప్పింది నిజమే కానీ మెలిక పెట్టేశారు. భాష వచ్చినా తరిమేశారు కాబట్టి నేర్చుకోవడం దండగంటారా? గొడుగున్నా తుపానుకి తడుస్తాం, అలాగని ముసురులో గొడుగు మానేస్తామా?

పాలకొల్లు పంతులు

దండగ అనలేదమ్మా. గొడుగు పట్టుకున్నవాడు తడిస్తే తప్పు వాడిది కాదని చెప్పాను.

నేర్చుకోవడం సంగతంటావా, మనల్ని ఏలడానికొచ్చినవాళ్లకే పరీక్ష ఉండేది. కుంపిణీ దొరలు ఓడ దిగగానే మద్రాసు కాలేజీలో కూర్చుని దేశభాష నేర్చుకుని పరీక్ష ఇవ్వాలి, అప్పుడే ఉద్యోగం. 1817లో దిగిన ఒక కుర్రాడికి అలాగే తెలుగు అంటుకుంది. తర్వాత రాజమండ్రిలో కూడా పనిచేశాడు, 1852లో నిఘంటువు అచ్చేశాడు. సి.పి. బ్రౌన్. అదే ఏడాది ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఒకే ఏడాది మనకి నీళ్లూ మాటలూ రెండూ దొరలే కట్టిచ్చారని మా మాస్టారు ఎగతాళిగా అనేవారు.

ధవళేశ్వరం గట్టు

శిస్తు వసూలుకీ కోర్టు నడపడానికీ నేర్చుకున్నారు పంతులుగారూ, మనమీద ప్రేమతో కాదు. వాళ్లకి నేర్పిన మునుషీకి జీతం ఇచ్చారు, నేర్చుకునే రోజులకీ జీతం ఇచ్చారు. కోటిపల్లి బావగారికి ఎవరిస్తున్నారు?

భీమవరం రొయ్యలచెరువు

అందరూ మనం బయటికి వెళ్లడం గురించే రాస్తున్నారు. మన దగ్గరికి వచ్చినవాళ్ల మాటేంటి? మా చెరువుల మీద పనికి ఒడిశా కుర్రాళ్లు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఒడిశా, జార్ఖండ్ ఆడపిల్లలు, ఊడ్పులకి బెంగాల్ నుంచి ముఠాలు. వాళ్లు తెలుగు నేర్చుకోవాలా మనం ఒడియా నేర్చుకోవాలా?

నా అనుభవం చెప్తాను, నామోషీగా ఉన్నా. మూడేళ్ల కిందట రెండెకరాల చెరువు, వనామీ రకం రొయ్య, ఎనభై కౌంటుకి (కిలోకి ఎనభై) వచ్చింది, ఇంకో వారంలో పట్టుబడి. కాపలా కుర్రాడు కొత్తగా వచ్చాడు, ఒడిశా నుంచి, తెలుగు ముక్క రాదు. తెల్లవారుజామున మూడింటికి ఫోను. "చింగుడి, చింగుడి" అంటాడు, ఇంకేదో అంటాడు, గొంతులో కంగారు. నాకు నిద్రమత్తు, ఎవడో అమ్మాయి పేరు చెప్తున్నాడేమో, కుర్రాళ్లు తాగి గొడవపడ్డారేమో అనుకుని "సుబా, సుబా" అని పెట్టేశాను. వాడు మళ్లీ చేశాడు. సైలెంట్‌లో పెట్టాను.

చింగుడి అంటే ఒడియాలో రొయ్య. కరెంటు పోయింది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి, డీఓ (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయి రొయ్యంతా పైకి తేలింది. వాడికి జనరేటర్ వెయ్యడం ఎవరూ చూపించలేదు. ఆరింటికి నేను వెళ్లేసరికి గట్టు పొడుగునా తెల్లగా పేరుకుని ఉంది. వాడు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి గంప పెట్టి నీళ్లు ఎత్తిపోస్తున్నాడు, గాలి ఆడుతుందని. మూడు గంటల నుంచీ అలాగే ఉన్నాడట. చేతులు బొబ్బలెక్కిపోయాయి.

నేను వాణ్ణి కొట్టడానికే బండి దిగాను. చేతులు చూసి ఆగిపోయాను. మూడు టన్నులు పోయింది. తప్పు వాడికి తెలుగు రాకపోవడమా, నాకు రొయ్యని ఒడియాలో ఏమంటారో తెలియకపోవడమా? మా నాన్న మాత్రం "లక్షలు పోసి మేత కొన్నావు, వాడికి పది మాటలు చెప్పలేకపోయావా" అన్నాడు.

ధవళేశ్వరం గట్టు

మనసు కలుక్కుమంది. కానీ ఒక్క మాట, ఇది వేరే విషయం. ఆ కుర్రాడు వలసదారే కానీ విదేశీయుడు కాదు. రాజ్యాంగం ఆర్టికల్ 19 ప్రకారం దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు, భాష నేర్చుకోమని ఎవరూ షరతు పెట్టలేరు. జర్మనీతో పోల్చకూడదు.

భీమవరం రొయ్యలచెరువు

ఆర్టికల్ 19 రొయ్యకి తెలియదు కదండీ.

డాలస్‌లో అమలాపురం

రొయ్యలాయన దెబ్బకి నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. మాది ఆసుపత్రి కథ.

అమ్మకి 62లో గ్రీన్‌కార్డు వచ్చింది, ఇప్పుడు 68. అమెరికాకి 2025 మార్చి దాకా దేశం మొత్తానికి అధికార భాష అంటూ లేదు, అప్పుడే ఇంగ్లిష్ అని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. కానీ పౌరసత్వానికి ఇంగ్లిష్ ఎప్పటి నుంచో అడుగుతున్నారు, ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి. పెద్దవాళ్లకి మినహాయింపు ఉంది. యాభై దాటి గ్రీన్‌కార్డు మీద ఇరవై ఏళ్లు, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఉంటే సొంత భాషలోనే ఇంటర్వ్యూ ఇవ్వొచ్చు. అమ్మకి ఆ లెక్కన 77 రావాలి. "అప్పటికి నేను ఏ దేశంలో ఉంటానో" అని నవ్వుతుంది.

పోయిన ఏడాది ఒకరోజు మేమిద్దరం ఆఫీసులో ఉండగా అమ్మ వంటింట్లో పడిపోయింది. మా అబ్బాయి, పదకొండేళ్లు, వాడే అంబులెన్సుకి ఫోన్ చేశాడు, అంతవరకూ శభాష్. ఎమర్జెన్సీలో వాడే అనువాదకుడు. అమ్మ "కళ్లు బైర్లు కమ్మాయి, కడుపులో దేవినట్టుంది" అంటోంది. వాడికొచ్చిన తెలుగు అన్నం, నీళ్లు, స్నానం, హోంవర్కు. కళ్లు అన్న మాట పట్టుకుని "మా అమ్మమ్మ కళ్ల మీద ఏదో పడిందట" అని చెప్పాడు. నేను వెళ్లేసరికి ఒకాయన అమ్మ రెప్పలు ఎత్తి లైటు వేసి చూస్తున్నాడు. అసలు సంగతి షుగర్ పడిపోవడం.

తర్వాత నర్సు చెప్పింది, పిల్లాణ్ణి నిలబెట్టక్కర్లేదు, తెలుగు అని ఒక్క మాట అంటే ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తాం, డబ్బులు కూడా ఉండవు అని. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇవ్వాల్సిందేట, 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద. పదేళ్లుగా ఉంటున్నాను, నాకే తెలియదు. రెండోసారి వెళ్లినప్పుడు అడిగాం. ఫోన్లో ఒకాయన వచ్చి "అమ్మా, తమకు ఏ విధమైన అసౌకర్యము కలుగుచున్నది" అన్నాడు. అమ్మకి నీరసంలో కూడా నవ్వొచ్చి, "రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉన్నాడే" అంది.

ఇప్పుడు అమ్మకి మావాడే ఇంగ్లిష్ నేర్పుతున్నాడు, అమ్మ వాడికి ఒంట్లో బాగోకపోతే వాడే మాటలు నేర్పుతోంది. తిమ్మిరి, దడ, పొలమారడం, కలుక్కుమనడం. వాటిలో సగానికి ఇంగ్లిష్ నాకే తెలియదు.

మ్యూనిక్‌లో మండపేట

అరవై ఎనిమిదేళ్లావిడ నేర్చుకుంటుంటే నేను బేకరీ పిల్ల మీద నెట్టేసి కూర్చున్నాను. సర్లెండి. అయినా పెద్దవాళ్లకి మినహాయింపు ఉండాల్సిందే, ఆ వయసులో పరీక్ష హాలు అన్యాయం.

కోటిపల్లి రేవు

అక్క ఇదంతా చదివింది. ధవళేశ్వరంగారు "ఆయనతో వెళ్లిన ఆవిడ సంగతేంటి" అన్నారు కదా, అది చూసి అర్ధరాత్రి నాకు పేద్ద మెసేజ్ పెట్టింది. తన అనుమతితో అతికిస్తున్నాను:

"మామూలుగా జర్మనీలో మొగుడి దగ్గరికి వెళ్లే భార్య ఏ1 రాసి వెళ్లాలి. బ్లూకార్డువాళ్ల భార్యలకి అక్కర్లేదు. అది వరం అనుకున్నాం. ఏ1 రాసి వచ్చిన అమ్మాయిలు దిగినరోజే బస్సు టికెట్టు అడిగి కొనుక్కున్నారు, నేను ఏడాదిపాటు మీ బావ శనివారం కోసం ఎదురుచూశాను. పిల్లలిద్దరూ కిండర్‌గార్టెన్‌కి వెళ్లిన ఆరు నెలలకే వాళ్లలో వాళ్లు జర్మన్‌లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పెద్దది చిన్నదాని చెవిలో ఏదో చెప్పి ఇద్దరూ నావైపు చూసి నవ్వారు. చెవిలో చెప్పక్కర్లేదు, నాకెలాగూ అర్థం కాదు. అది వాళ్లకి ఇంకా తెలియలేదు. తెలిసేలోపు నేర్చుకోవాలని ఆ రోజే కోర్సుకి పేరిచ్చాను.

ఆరు వందల గంటలు. నా పక్కన ఒక సిరియా ఆవిడ, వెనక ఒక వియత్నాం ముసలాయన. విరామంలో మా ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న భాష ఆ వచ్చీరాని జర్మనే. మమ్మల్ని చూసి ఇంగ్లిష్‌లోకి మారిపోయేవాళ్లు ఎవరూ లేరు. మీ బావకి రానిది నాకు వచ్చిందంటే కారణం అదే, నా తెలివి కాదు. ఒకరోజు టీచరు, అమ్మాయి అనే మాట జర్మన్‌లో నపుంసకలింగం అని చెప్తే క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. మాకూ అంతేనండీ, అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అన్నాను. టీచరు బోర్డు మీద రాయించుకుంది."

బావ పక్క గదిలోనే ఉన్నాడట, ఇంకా ఏమీ మాట్లాడలేదట.

పాలకొల్లు పంతులు

అక్కగారికి నా ఆశీస్సులు చెప్పు నాయనా. బోర్డు మీద ఇంకో వాక్యం రాయించుకోమని చెప్పు. మన వ్యాకరణంలో దాన్ని మహత్తు, అమహత్తు అంటారు. ఏకవచనంలో ఆడవాళ్లు బస్సుతోనూ బర్రెతోనూ కలిసిపోతారు, బహువచనంలో మాత్రం మగవాళ్లతో చేరతారు. అమ్మాయి వచ్చింది, అమ్మాయిలు వచ్చారు. ఒక్కతే ఉంటే మనిషి కిందే లెక్కలేదు, నలుగురు పోగైతే మర్యాద వస్తుందని మా క్లాసులో ఒక ఆడపిల్ల అంది. ముప్ఫై ఏళ్లు చెప్పిన పాఠం నాకు ఆ పిల్ల చెప్పేదాకా అలా తట్టలేదు.

ఆత్రేయపురం పూతరేకు

పొగరు అన్న మాట వెనక్కి తీసుకోను కానీ, కొంచెం తగ్గిస్తాను. బావగారూ చదువుతుంటే ఏమనుకోకండి. మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, జర్మనీ వెళ్తానంటోంది, నర్సులకి బీ2 దాకా కావాలంటున్నారు. అక్కగారి నంబరు ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా మెసేజ్ చెయ్యగలరా?

రాజోలు చెల్లెమ్మ

కోటిపల్లి తమ్ముడూ, మీ పిన్నిగారు తిరిగి వెళ్లేలోపు ఒక్కసారి ఫోనివ్వండి. అంకెలు పదే, ఒక సాయంత్రం చాలు. జీతాన్ని రాతిబ్ అంటారు, ఆ మాట కాగితం మీద ఎలా ఉంటుందో కూడా రాసి చూపిస్తాను.

కోటిపల్లి రేవు

అడిగాను. "నాకెందుకురా ఇప్పుడు" అంది. తర్వాత పెట్టె తీసి ఒక కవరు ఇచ్చింది, ముందు నువ్వు చూడు అని. నాకు చదవడం రాదు. ఆదివారం ఫోన్ చేయిస్తాను అక్కా.

భీమవరం రొయ్యలచెరువు

ధవళేశ్వరంగారికి ఇంకో జవాబు రాద్దామని కూర్చున్నాను, ఈలోగా చెరువు మీంచి ఫోను. ఆ ఒడిశా కుర్రాడే, ఇప్పుడు మూడు చెరువులు వాడే చూస్తాడు. "ఆయ్, డీఓ తగ్గుతాందండీ, జనరేటర్ ఏసేసేను, ఓసారి వచ్చెల్లండి" అంటున్నాడు. వెళ్తున్నాను, మిగతాది పొద్దున్న రాస్తాను.